బ్లాక్ సబ్బాత్ 'రీయూనియన్': పాటల మధ్య తెగకుండా లైవ్ సీడీని రిప్ చేయడం ఎలా

లైవ్ ఆల్బమ్‌లో పాట అయిపోయాక వినిపించే జనం హోరు కూడా ఆల్బమే. గిటార్ మోత ఇంకా గాల్లో ఉండగానే ట్రాక్ నంబర్ మారిపోతుంది. సరిగ్గా ఆ చోట ఒక్క లిప్తపాటు నిశ్శబ్దం దూరినా, అప్పటిదాకా హాల్లో నిలబడి వింటున్నట్టున్న చెవి ఉలిక్కిపడుతుంది. స్టూడియో ఆల్బమ్‌లో చాలావరకు పాటకీ పాటకీ మధ్య మౌనమే ఉంటుంది కాబట్టి ఎలా రిప్ చేసినా (సీడీలోని పాటలను కంప్యూటర్ ఫైళ్లుగా తీసినా) పెద్ద నష్టం లేదు. లైవ్ సీడీ అలా కాదు. దానికి విడిగా శ్రద్ధ పెట్టాలి.

ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నది ఇంగ్లండ్ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ లైవ్ ఆల్బమ్ 'రీయూనియన్'. 1979లో గాయకుడు ఆజీ ఆస్బర్న్‌ను బ్యాండ్ నుంచి తీసేశాక అసలు నలుగురూ (ఆజీ, టోనీ అయోమీ, గీజర్ బట్లర్, బిల్ వార్డ్) ఒకే వేదికమీద కనిపించడం అరుదైపోయింది. 1985 జులై 13న ఫిలడెల్ఫియా లైవ్ ఎయిడ్ కచేరీలో ఒకసారి, 1992 నవంబర్‌లో కాలిఫోర్నియా కోస్టా మెసాలో మరోసారి కాసేపు కలిశారు. 1997లో ఆజీ పేరుమీద జరిగిన ఆజ్‌ఫెస్ట్ సంగీతోత్సవంలో డ్రమ్స్ దగ్గర కూర్చున్నది మైక్ బోర్డిన్, వార్డ్ కాదు. చివరికి ఆ ఏడాది డిసెంబర్ 4, 5 తేదీల్లో సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లోని ఎన్ఈసీ హాల్లో నలుగురూ పూర్తి కచేరీ చేశారు. ఆ రెండు రాత్రుల రికార్డింగే 1998 అక్టోబర్‌లో రెండు సీడీలుగా వచ్చింది. అంతకుముందు 1973 నాటి రికార్డింగులతో 1980లో వచ్చిన 'లైవ్ ఎట్ లాస్ట్' బ్యాండ్ అనుమతి లేకుండా విడుదలైంది. అందుకే అసలు నలుగురి లైవ్ రికార్డు అంటే అభిమానులు ముందు దీన్నే చేతిలోకి తీసుకుంటారు. 2025 జులై 5న విల్లా పార్క్ స్టేడియంలో వాళ్లు ఆఖరిసారి కలిసి వాయించారు, అదే నెల 22న ఆజీ కన్నుమూశారు. మీ దగ్గరున్న డిస్క్‌ను జాగ్రత్తగా భద్రపరచుకోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

డిస్క్, డ్రైవ్

డిస్క్ అడుగువైపు వేలిముద్రలు, దుమ్ము ఉంటే ముందు తుడవాలి. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ సోప్ కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య రంధ్రం దగ్గర నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడవకూడదు. డేటా గుండ్రంగా రాసి ఉంటుంది కాబట్టి అదే దారిలో గీత పడితే వరసగా చాలా సమాచారం దెబ్బతింటుంది, డ్రైవ్‌లోని తప్పుల సవరణకు అందదు. అడ్డంగా పడ్డ గీతను మాత్రం అది చాలావరకు సర్దుకుంటుంది. అడుగువైపు గీతల కంటే లేబుల్ వైపు గీతలు ప్రమాదం. అల్యూమినియం పొర ఉండేది లేబుల్ కిందే, సన్నటి లాకర్ పూత చాటున. లైటుకు ఎదురుగా పట్టుకుంటే సూదిమొనంత రంధ్రాలు కనబడ్డాయంటే ఆ భాగం పోయినట్టే.

సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది. డిస్క్ పట్టుకునేది అంచు దగ్గరే కాబట్టి దెబ్బ ముందుగా తగిలేది చివరి పాటలకు. డిస్క్ 1లో స్నోబ్లైండ్, డిస్క్ 2లో సెల్లింగ్ మై సోల్ దగ్గర టకటక మంటుంటే ముందు అంచునే చూడండి.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ ఉండదు కాబట్టి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కావాలి. దాన్ని హబ్‌కు కాకుండా నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే తగిలించండి. హబ్ నుంచి కరెంటు చాలకపోతే డ్రైవ్ తిరగడం మొదలుపెట్టి ఆగిపోతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. చూసేవాళ్లు తప్పు డిస్క్‌దనుకుంటారు. రెండు యూఎస్‌బీ మూతులున్న వై కేబుల్ వాడితే ఈ ఇబ్బంది తీరుతుంది.

సాఫ్ట్‌వేర్ సెట్టింగులు

విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ (అందరూ ఈఏసీ అంటారు), మ్యాక్‌లో ఎక్స్ఎల్‌డీ, లినక్స్‌లో విప్పర్. మూడూ ఉచితమే. పద్ధతి ఒకటే కాబట్టి ఈఏసీ మెనూల ప్రకారం చెప్తున్నాం.

ఎఫ్10 నొక్కితే డ్రైవ్ ఆప్షన్స్ వస్తాయి. ఎక్స్‌ట్రాక్షన్ మెథడ్‌లో సెక్యూర్ మోడ్ ఎంచుకుని, డిటెక్ట్ రీడ్ ఫీచర్స్ బటన్‌తో మీ డ్రైవ్‌ను పరీక్షించనివ్వండి. డ్రైవ్ ఆడియోను క్యాష్ చేస్తుందని తేలితే ఆ టిక్ ఉంచాలి. లేకపోతే రెండోసారి చదివినట్టు నటిస్తూ డ్రైవ్ తన మెమరీలో ఉన్నదే తిరిగి ఇస్తుంది, పోల్చి చూడడంలో అర్థం ఉండదు. సీ2 ఎర్రర్ సమాచారం (చదవడంలో వచ్చిన తప్పులపై డ్రైవ్ ఇచ్చే నివేదిక) టిక్ తీసేయడం మంచిది, చాలా డ్రైవ్‌లు దాన్ని నమ్మకంగా ఇవ్వవు.

తర్వాత రీడ్ ఆఫ్‌సెట్. ఒక్కో మోడల్ డ్రైవ్ ఆడియోను కొన్ని శాంపిల్స్ (శబ్దాన్ని సెకనుకు వేలసార్లు కొలిచిన ముక్కలు) ముందో వెనకో మొదలుపెట్టి చదువుతుంది. చాలా డ్రైవ్‌లకు +6, కొన్ని పయనీర్ డ్రైవ్‌లకు +667. అందరి రిప్‌ల ఫలితాలు దాచే యాక్యురేట్‌రిప్ డేటాబేస్‌లో ఉన్న ఏదైనా సీడీ పెడితే ఈఏసీ దీన్ని తానే కనిపెట్టి చెప్తుంది. ఆఫ్‌సెట్ తప్పుగా ఉన్నా అన్ని ట్రాక్‌లూ సమానంగా జరుగుతాయి కాబట్టి అతుకులు తెగవు. ప్రపంచంలో మిగతావాళ్ల రిప్‌తో మీ రిప్ సరిపోయిందో లేదో చూసుకోవడానికే అది కావాలి. అయితే ఒక చోట మాత్రం ఇది కొంప ముంచుతుంది. ఏడు ట్రాక్‌లు ఒక డ్రైవ్‌లో బాగా వచ్చి, గీతలున్న ఎనిమిదోది ఇంకో డ్రైవ్‌లో రిప్ చేశారనుకోండి. రెండు డ్రైవ్‌ల ఆఫ్‌సెట్లూ సరిగ్గా పెట్టకపోతే ఆ ట్రాక్ మొదట్లో కొన్ని శాంపిల్స్ రెండుసార్లు రావడమో, అసలు రాకపోవడమో జరుగుతుంది. జనం హోరు మధ్యలో చిన్న టిక్ శబ్దంగా అది పట్టుబడుతుంది.

ఎఫ్9లో ఈఏసీ ఆప్షన్స్. డిలీట్ లీడింగ్ అండ్ ట్రెయిలింగ్ సైలెంట్ బ్లాక్స్ అనేదానికి టిక్ ఉండకూడదు. నార్మలైజ్ కూడా ఆపేయండి. ఒక్కో ట్రాక్ గరిష్ఠ శబ్దాన్ని విడివిడిగా పెంచేస్తే రెండు ట్రాక్‌లు కలిసే చోట జనం హోరు ఒక మెట్టు ఎక్కినట్టో దిగినట్టో వినబడుతుంది, తర్వాత దాన్ని వెనక్కి తీసుకోలేం.

గ్యాప్‌లు

అసలు విషయం ఇక్కడుంది. సీడీలో ప్రతి ట్రాక్‌కూ ఇండెక్స్ 01 అనే మొదలు ఉంటుంది. దానికి ముందు ఇండెక్స్ 00 నుంచి 01 వరకు ప్రీగ్యాప్ అనే భాగం ఉండొచ్చు. పాత సీడీ ప్లేయర్‌లో పాట మొదలయ్యేముందు కౌంటర్ మైనస్‌లో లెక్కపెట్టడం చూసే ఉంటారు, అది ప్రీగ్యాప్. స్టూడియో సీడీలో అక్కడ సాధారణంగా నిశ్శబ్దం ఉంటుంది. లైవ్ సీడీలో చాలాసార్లు చప్పట్లు, గాయకుడి మాటలు, డ్రమ్మర్ కర్రలతో ఇచ్చే లెక్క అక్కడే ఉంటాయి. దాన్ని ఖాళీ అనుకుని వదిలేస్తే కచేరీలో ఒక ముక్క కోసేసినట్టే.

డిస్క్ పెట్టగానే ఎఫ్4 నొక్కి గ్యాప్‌లు గుర్తించనివ్వండి. ఆ తర్వాత యాక్షన్ మెనూలో అపెండ్ గ్యాప్స్ టు ప్రీవియస్ ట్రాక్ ఎంపికై ఉందో లేదో చూడండి. మామూలుగా అదే ఉంటుంది. లీవ్ అవుట్ గ్యాప్స్ ఎంచుకుంటే ఆ భాగాలన్నీ పోతాయి, ఫైళ్లు చూడ్డానికి మాత్రం బాగానే ఉంటాయి. వినే దాకా తెలియదు. ప్రీగ్యాప్‌ను తర్వాతి ట్రాక్‌కు చేర్చే ఆప్షన్‌తో శబ్దం పోదు గానీ, నేరుగా ఐరన్ మ్యాన్ నొక్కినవాళ్లకు ముందు చప్పట్లు వినబడతాయి. పైగా ట్రాక్ పొడవులు మారిపోయి డేటాబేస్‌తో సరిపోవు. అపెండ్ టు ప్రీవియస్‌తోనే ఉండండి.

ఇక టెస్ట్ అండ్ కాపీ నొక్కండి. ఒక్కో ట్రాక్‌నూ రెండుసార్లు చదివి రెండు సీఆర్‌సీ సంఖ్యలనూ (చదివిన డేటా నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్యలు) పోలుస్తుంది. లాగ్‌లో రెండూ ఒకటై, కాపీ ఓకే అని రావాలి. కింద యాక్యురేట్‌రిప్ కాన్ఫిడెన్స్ సంఖ్య 2 దాటితే ఇక అనుమానం అక్కర్లేదు. సీఆర్‌సీలు కలిసినా యాక్యురేట్‌రిప్ ఒప్పుకోకపోతే కంగారుపడకండి. మీది వేరే ప్రెస్సింగ్ (ఇంకో విడతలో అచ్చువేసిన డిస్క్) అయి ఉండొచ్చు, క్యూటూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో మరోసారి పోల్చి చూడండి. సస్పీషియస్ పొజిషన్ అని వస్తే అది ఏ నిమిషంలోనో లాగ్‌లోనే ఉంటుంది. డిస్క్ మళ్లీ తుడిచి, వేగం 4ఎక్స్‌కో 8ఎక్స్‌కో తగ్గించి ఆ ట్రాక్ ఒక్కటే మళ్లీ తీయండి. పని అయ్యాక లాగ్‌నూ క్యూ షీట్‌నూ అదే ఫోల్డర్‌లో ఉంచండి. క్యూ షీట్ అంటే ట్రాక్‌లు, గ్యాప్‌లు ఎక్కడ మొదలవుతాయో రాసి ఉండే చిన్న టెక్స్ట్ ఫైలు, తర్వాత అవసరమైతే గ్యాప్‌ల చోటు చెప్పేది అదే.

ఫ్లాక్ ఎందుకు, ఎంపీ3 ఎక్కడ తెగుతుంది

సీడీ ఆడియో సెకనుకు 44,100 శాంపిల్స్, 16 బిట్, రెండు ఛానెళ్లు. నిమిషానికి సుమారు 10.6 ఎంబీ, అంటే 70 నిమిషాల డిస్క్ 740 ఎంబీ దాకా వస్తుంది. ఫ్లాక్ ఫార్మాట్ దాన్ని ఒక్క శాంపిల్ కూడా పోకుండా కుదిస్తుంది. మెటల్ లాంటి నిండు శబ్దం ఎక్కువగా కుదించుకోదు, మూడింట రెండు వంతుల దగ్గర ఆగుతుంది. లెవెల్ 5 అయినా 8 అయినా వినబడేది ఒకటే, ఫైలు సైజులో కొద్ది తేడా అంతే.

ఎంపీ3 చిక్కు నాణ్యతది కాదు, పొడవుది. అది శాంపిల్స్‌ను 1152 చొప్పున గుంపులుగానే రాయగలదు. ల్యామ్ ఎన్‌కోడర్ మొదట్లో 576 శాంపిల్స్ ఖాళీ చేరుస్తుంది, డీకోడర్ వల్ల ఇంకో 529 ఆలస్యం వస్తుంది. మొత్తం 1105 శాంపిల్స్, అంటే సెకనులో 40వ వంతు. చివర్లో గుంపు నిండడానికి పెట్టే ఖాళీ దీనికి అదనం. ఎంత ఖాళీ చేర్చిందో ల్యామ్ తన ట్యాగులో (ఫైలు లోపలే ఉండే సమాచారం) రాసిపెడుతుంది, అది చదవగలిగిన ప్లేయర్ ఆ ఖాళీని కత్తిరించి అతుకు కనబడకుండా వాయిస్తుంది. ట్యాగు రాయని ఎన్‌కోడర్‌తో చేసిన ఎంపీ3లు మాత్రం ఏ ప్లేయర్‌లోనైనా తెగుతూనే ఉంటాయి. మీ దగ్గరున్న పాత ఎంపీ3లలో ప్రతి పాట మొదట్లో చిన్న గుటక వినబడుతుంటే కారణం ఇదే. దాన్ని బాగుచేయాలని చూడకండి, సీడీ నుంచి మళ్లీ తీయడమే దారి.

ఐఫోన్ వాడేవాళ్లు ఫ్లాక్ నుంచి ఆపిల్ వాళ్ల ఏఎల్ఏసీకి మార్చుకోవాలి, ఆపిల్ మ్యూజిక్ లైబ్రరీ ఫ్లాక్‌ను తీసుకోదు. రెండూ నష్టం లేని ఫార్మాట్లే కాబట్టి మార్పులో ఏమీ పోదు.

పేర్లు, ట్యాగులు

రెండు డిస్కులకూ ఆల్బమ్ పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఆల్బమ్ పేరు చివర డిస్క్ 1, డిస్క్ 2 అని చేర్చితే ప్లేయర్ రెండు ఆల్బమ్‌లుగా విడగొడుతుంది, స్నోబ్లైండ్ తర్వాత ఆగిపోతుంది. డిస్క్ నంబర్‌కు విడిగా ట్యాగు ఉంది, అక్కడే 1, 2 అని రాయండి. మొత్తం డిస్కులు 2. డిస్క్ నంబర్ ట్యాగు మరిచిపోతే రెండు డిస్కుల్లోనూ తొమ్మిదేసి ట్రాక్‌లు ఉన్నాయి కాబట్టి ఒకటో నంబర్‌వి రెండు, రెండో నంబర్‌వి రెండు పక్కపక్కన చేరి కచేరీ అంతా కలగాపులగం అవుతుంది. ఫైలు పేర్లను 1-01, 2-01 అని మొదలుపెడితే ట్యాగులు చదవని పరికరాల్లోనూ వరస చెడదు.

డిస్క్ 2లో రెండో ట్రాక్ పేరులో ఆర్కిడ్‌కూ లార్డ్ ఆఫ్ దిస్ వరల్డ్‌కూ మధ్య ఏటవాలు గీత ఉంటుంది. విండోస్ ఫైలు పేరులో ఆ గీతను ఒప్పుకోదు. ట్యాగులో ఉంచి, ఫైలు పేరులో మాత్రం చిన్న అడ్డగీత పెట్టండి. ఇదే గీత ఆర్టిస్ట్ పేరులో వస్తే తలనొప్పి ఇంకా పెద్దది. ఎంపీ3లు వాడే ఐడీ3 ట్యాగుల 2.3 వెర్షన్‌లో అది ఇద్దరు కళాకారుల మధ్య గుర్తు కాబట్టి కొన్ని ప్లేయర్లు ఏసీ/డీసీని రెండు బ్యాండ్లుగా చీల్చేస్తాయి. ఫ్లాక్ ట్యాగుల్లో ఆ ఇబ్బంది లేదు.

శబ్దం హెచ్చుతగ్గులు సరిచేయాలనుకుంటే రీప్లేగెయిన్ వాడండి. అది ఆడియోను ముట్టుకోదు, ఎంత తగ్గించి వాయించాలో ట్యాగులో రాస్తుంది. ఫూబార్ అనే ప్లేయర్‌లో 18 ట్రాక్‌లనూ కలిపి ఎంచుకుని ఒకే ఆల్బమ్‌గా స్కాన్ చేయించాలి, ప్లేయర్‌లో కూడా ఆల్బమ్ మోడ్ పెట్టాలి. ట్రాక్ మోడ్‌లో ఉంటే నార్మలైజ్ చేసినట్టే అతుకుల దగ్గర హోరు మెట్లు దిగుతుంది.

అతుకు పరీక్ష

అన్నీ బాగున్నాయనిపించినా ఒక్క అతుకైనా కళ్లతో చూడండి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో వరసగా ఉన్న రెండు ట్రాక్‌లను తెచ్చి, ట్రాక్స్ మెనూలో అలైన్ ఎండ్ టు ఎండ్ చేయండి. కలిసిన చోట శాంపిల్స్ చుక్కలుగా కనబడేదాకా జూమ్ చేయండి. తరంగం ఒకే గీతగా సాగిపోతే పని అయినట్టు. మధ్యలో చదునైన గీత ఉంటే ఎక్కడో నిశ్శబ్దం చేరింది. చదును లేకుండా ఒక్కసారిగా పైకో కిందికో దూకితే శాంపిల్స్ పోయాయి, అది టిక్ శబ్దంగా వినబడుతుంది.

చూశాక ఆ ఆడాసిటీ ప్రాజెక్టు మూసేయండి, అందులోంచి ట్రాక్‌లు ఎగుమతి చేయకండి. సీడీ మీద ట్రాక్ హద్దులు సెకనులో 75వ వంతు, అంటే 588 శాంపిల్స్ గుణిజాల మీదే ఉంటాయి. మౌస్‌తో ఇష్టమొచ్చిన చోట కోస్తే ఈ లెక్క తప్పుతుంది. తర్వాత మళ్లీ సీడీ రాసినప్పుడు రైటర్ చివరి ఖాళీని సున్నాలతో నింపుతుంది, ఏ అతుకు కోసం ఇంత పాటుపడ్డారో అదే పగులుతుంది. సీడీ రాసేటప్పుడు డిస్క్ ఎట్ వన్స్ పద్ధతే ఎంచుకోండి, ట్రాక్ ఎట్ వన్స్ అయితే పాటల మధ్య 2 సెకన్ల మౌనం తప్పదు.

వాయించడం

కంప్యూటర్‌లో ఫూబార్, ఆండ్రాయిడ్‌లో పవరాంప్ అతుకును చక్కగా నిలబెడతాయి. వీఎల్‌సీ 3 ఈ పనికి పనికిరాదు. ఏ యాప్‌లోనైనా క్రాస్‌ఫేడ్ సున్నా చేయాలి. క్రాస్‌ఫేడ్ ఒక పాట చివరినీ ఇంకో పాట మొదలునూ ఒకదానిమీద ఒకటి వేస్తుంది కాబట్టి లైవ్‌లో రెండు హోరులు కలిసి ఉబ్బినట్టు వస్తుంది. స్పాటిఫైలో వినేవాళ్లు గ్యాప్‌లెస్ ఆన్ చేసి, క్రాస్‌ఫేడ్ తీసేసి, షఫుల్ ఆపి ఆల్బమ్ మొదటినుంచి పెట్టాలి. వరసగా వింటేనే అది ఆల్బమ్ మొత్తానికి ఒకే లెవెల్ పాటిస్తుంది, షఫుల్‌లో పాటకో లెవెల్.

కారు స్టీరియోల్లో ఎక్కువ భాగం పెన్‌డ్రైవ్ మీద ఒక ఫైలు మూసి ఇంకోటి తెరవడానికి అర సెకనో సెకనో తీసుకుంటాయి. ఫ్లాక్ అయినా, ల్యామ్ ట్యాగు ఉన్నా లాభం లేదు. దానికి ఒకటే మందు, డిస్క్ మొత్తాన్ని ఒక్క ఫైలుగా చేయడం. ఫూబార్‌లో ఒక డిస్క్ ట్రాక్‌లన్నీ ఎంచుకుని, కన్వర్ట్‌లో మెర్జ్ ఆల్ ట్రాక్స్ ఇన్‌టు వన్ అవుట్‌పుట్ ఫైల్ పెట్టి, 320 కేబీపీఎస్ ఎంపీ3 చేయండి. 70 నిమిషాలకు 168 ఎంబీ అవుతుంది. పాటలు విడిగా దాటించడం కుదరదు, కానీ కచేరీ ఎక్కడా ఆగదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఉండాలి, చాలా స్టీరియోలు మిగతావి చదవలేవు.

డిస్క్ 2 కలిపేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఆ డిస్క్‌లో కచేరీ ఏడో ట్రాక్ పారనాయిడ్‌తో అయిపోతుంది. ఎనిమిది, తొమ్మిది (సైకో మ్యాన్, సెల్లింగ్ మై సోల్) స్టూడియోలో చేసిన కొత్త పాటలు, వాటి నిర్మాత కూడా వేరు. అవి చెడ్డ పాటలని కాదు, హాల్లోంచి బయటికొచ్చిన చెవికి వెంటనే అవి అతకవు. రిప్‌లో ఉంచండి, కారు ఫైల్లో మాత్రం మొదటి ఏడింటినే కలపండి. ఫోన్‌లో 16 లైవ్ ట్రాక్‌లతో వేరే ప్లేలిస్ట్ చేసి, పారనాయిడ్ దగ్గర ఆపి, రిపీట్ తీసేయండి. రిపీట్ ఉంటే ఆఖరి చప్పట్లు తగ్గకముందే వార్ పిగ్స్ మళ్లీ మొదలైపోతుంది.